కుందేలుకు నేసిన గుడ్డ

పోయిన నెలలో మా మునిమనవరాలు పెంచుకుంటున్న తెల్ల కుందేలుకు కడుపు ఉబ్బరించి మేత మానేస్తే, దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని ఆటోలో ఆదోని పశువుల ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. ఇంట్లో పని లేని మనిషిని నేనొక్కణ్ణే కాబట్టి పెట్టె నా ఒళ్లోనే ఉంది. అక్కడి చిన్న వయసు డాక్టరమ్మ దాని పళ్లు చూసి, కడుపు తడిమి, చెవి పట్టుకుని సూది వేసి, ఇంతకుముందు మీ ఇంట్లో కుందేళ్లు పెంచారా తాతగారూ అని అడిగింది. ఒకసారి ఒకటి ఉండేదమ్మా, కానీ అది మాది కాదు, దేవుడిది అన్నాను. ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. బయట వరండాలో గేదెలూ మేకలూ వరుసలో ఉన్నాయి, నిలబెట్టి కథ చెప్పే సమయం కాదు. ఆ రోజులు ఎరిగిన మీవంటి వాళ్లకైతే తీరిగ్గా చెప్పవచ్చు.

మాది ఎమ్మిగనూరు నుంచి కోడుమూరు వైపు పోయే దారికి లోపలగా ఉన్న పల్లె. ఊళ్లో సగం మంది సేద్యగాళ్లు, సగం మంది మావంటి నేతవాళ్లు. ఊరికి పడమట ఎర్రమట్టి బీడు ఉండేది, బోదగడ్డీ రేగుకంపా తప్ప అందులో ఏమీ పండేది కాదు. ఆ బీడు నిండా కుందేళ్లు. వాటికి మా వైపు చెవులపిల్లి అనే మాట కూడా ఉంది. ఏటా ఉగాది వెళ్లగానే ఊరివాళ్లు వలలు తీసుకుని బీడులోకి పోయి ఒక కుందేలును ప్రాణంతో పట్టుకొచ్చేవాళ్లు. కుక్కలను తీసుకుపోకూడదు, కర్ర వెయ్యకూడదు, పాలిచ్చే తల్లి దొరికితే అక్కడికక్కడే వదిలెయ్యాలి. పట్టి తెచ్చినదాన్ని ఉగాది తర్వాత వచ్చే ఊరి జాతర దాకా ఒక ఇంట్లో ఉంచి, జాతర రోజు ఊరేగించి మళ్లీ అదే బీడులో విడిచిపెట్టాలి. ఏ ఇంట్లో ఉంచాలన్నది వంతు. ఒక ఏడు సేద్యగాళ్ల వీధి, ఒక ఏడు మా వీధి.

ఇందులో ఉన్న కిటుకు నాకు చిన్నప్పుడు తెలియలేదు, పుస్తకాలు చదవడం మొదలుపెట్టాక తెలిసింది. విడిచిన తర్వాత తొలకరి పడేదాకా ఆ బీడులో ఎవరూ వల కట్టకూడదు. ఎందుకంటే పరుగెత్తే కుందేళ్లలో దేవుడి కుందేలు ఏదో ఎవరికీ తెలియదు. ఒకదానికి మొక్కి అన్నిటినీ కాపాడిన పద్ధతి అది. మా పెద్దలు దాన్ని ఆ ఉద్దేశంతోనే పెట్టారో, ఊరికే అలా కుదిరిందో నేను చెప్పలేను.

దీనికి ఇంకొక వైపు కూడా ఉంది. ఇంట్లో ఉండగా కుందేలు చచ్చిపోతే ఆ ఇంటి మగ్గం మీద నూలు నిలవదని మా వీధిలో గట్టి నమ్మకం. నమ్మకమే అయితే పోనీ అనుకోవచ్చు, కానీ మా వీధి చివరన నిజంగానే ఒక ఇల్లు ఉండేది. నేను పుట్టకముందు ఆ ఇంట్లో కుందేలు చచ్చిందట. తర్వాత ఆ ఇంటివాళ్లకు ఎవరూ మగ్గం మీదికి పడుగు నూలు సాగదీయడానికి సాయం రాలేదు, పిల్లను ఇవ్వలేదు, చివరికి వాళ్లు నేసేటప్పుడు కాళ్లు పెట్టే మగ్గం గుంతను మట్టితో పూడ్చి ఆదోని జిన్నింగు మిల్లులో కూలికి పోయారు. నూలు నిలవకపోవడం దేవుడి పనో, వీధివాళ్ల పనో మీరే ఆలోచించుకోండి.

నేను ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి మండీలో గుమాస్తాగా కుదిరిన మరుసటి ఏడాది మా తాత వంతు వచ్చింది. చదువు నాకు ఎనిమిదో తరగతితో ఆగింది. అది ఆగినందుకు పడ్డ బాధ ఆదోని గ్రంథాలయంలో అడుగుపెట్టిన రోజుతో పోయింది. సాయంత్రం మండీ కట్టేయగానే తలలో దూది పింజలు దులుపుకుని నేరుగా అక్కడికే పోయేవాణ్ణి. వైద్యం, ఖగోళం, రాజుల చరిత్రలు, బావులు తవ్వే విధానం, ఏది దొరికితే అది చదివాను. గ్రంథాలయం చూసుకునే ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి చెదపురుగు అని పిలిచేవాడు. ఆ పిలుపు నాకు బిరుదులాగానే ఉండేది, ఇప్పటికీ ఉంది.

మా తాత అప్పటికి సహకార సంఘానికి నేస్తున్నాడు. సంఘం వచ్చాక మా వీధిలో పస్తులు తగ్గాయి, అది ఒప్పుకోవాలి. కానీ సంఘం అడిగినవి తువ్వాళ్లూ దుప్పట్లూ, అడిగిన కొలతకు అడిగిన రంగులో. పడుచుతనంలో గద్వాల వైపు పోయి అంచుపని నేర్చుకొచ్చిన మనిషి ఏళ్ల తరబడి తువ్వాళ్లు నేశాడు. ఏమీ అనేవాడు కాదు. కుందేలు వంతు వచ్చినప్పుడు మాత్రం, దానికి కట్టే గుడ్డ తానే నేస్తానన్నాడు.

ఏటా కుందేలుకు గుడ్డ కట్టడం ఉన్నదే, మెడకు వేలెడు వెడల్పు పసుపు పట్టీ, అంతే. మా తాత ఆ ఏడు పట్టీతో సరిపెట్టలేదు. సన్న నూలుతో, రెండు వైపులా పట్టు అంచుతో, నడుమ చిన్న చిన్న పూలు వేసి, గుర్రానికి జీను మీద కప్పే గుడ్డలాంటిది కుందేలు కొలతకు నేశాడు. వీపంతా కప్పి కడుపు కింద బిగువుగా వచ్చేలా, జారిపోకుండా అక్కడే కుట్టేశాడు. ఊరంతా వచ్చి చూసిందట. సేద్యగాళ్ల వీధివాళ్లు కూడా వచ్చి, వచ్చే ఏడు మేము ఏం కట్టాలప్పా అని దిగులుపడ్డారట. దేవుడి పేరుతో కట్టిన గుడ్డను కుందేలును విడిచే రోజు దాకా విప్పకూడదన్నది ఆచారం.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నేను ఉగాది పండగ నాడు పొద్దున వచ్చి సాయంత్రమే తిరిగి ఆదోనికి పోయాను, అప్పటికి కుందేలును ఇంకా మా ఇంటికి తేలేదు. కొద్దిరోజులకు మా చిన్నాయన ఏదో పనిమీద ఆదోనికి వచ్చి మండీ అరుగు మీద కూలబడ్డాడు. సంగతేమిటని అడిగాను.

"సెవులపిల్లి ముద్ద ముట్టడం లేదప్పా" అన్నాడు. "గరిక యేసినాము, మొలకలు యేసినాము, పొంగలి పెట్టినాము. మొదట్లో కొరుకుతాండె, ఇప్పుడు అదీ లేదు. మూలకు ముడుసుకోని సూస్తాంటాది. మీ తాత కూడా అంతే, ముద్ద ముట్టడం లేదు."

నేను వెంటనే బస్సెక్కలేదు. గ్రంథాలయానికి పోయాను. జంతువుల మీద అక్కడ ఉన్నది ఒకే పుస్తకం, అట్టా మొదటి పేజీలూ ఊడిపోయి దాని పేరేమిటో రాసినదెవరో కూడా తెలియని పుస్తకం. అందులో కుందేలు గురించి ఒకటిన్నర పేజీ ఉంది. పరుగు, చెవులు, పిల్లలు, అవన్నీ నాకు తెలిసినవే. చివర్లో మాత్రం ఒక సంగతి చదివి దాన్నే మళ్లీ మళ్లీ చదివాను. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుందట. ఒకటి మనం బీడులో చూసే ఎండు ఉండలు. రెండోది మెత్తటిది, పగలు పొదలో పడుకున్నప్పుడు వస్తుంది, దాన్ని నేలమీద పడనివ్వకుండా కుందేలు మెడ వంచి తన ఒంటినుంచే నోటితో తీసుకుని మింగుతుందట. ఆవు నెమరు వేసినట్టుగా ఇది గడ్డిలోని సారాన్ని రెండోసారి తీసుకోవడమట. అలా తిననివ్వకపోతే క్రమంగా నీరసిస్తుందని రాసి ఉంది. మనసులో పెట్టుకున్నానే గాని, దానికీ మా ఇంట్లో కుందేలుకూ సంబంధం ఏమిటో అప్పుడు తట్టలేదు.

మర్నాడు యజమానికి చెప్పి బయల్దేరాను. ఎమ్మిగనూరులో బస్సు దిగి పశువుల ఆసుపత్రికి పోయాను. అక్కడి డాక్టరు కోస్తా వైపు మనిషి, ఒక ఎద్దు గిట్ట కోస్తూ నా మాట విన్నాడు.

"కుందేలుకు మందు అడిగింది నువ్వేనయ్యా" అన్నాడు. "ఇన్నాళ్లూ దాని రుచి చెప్పినవాళ్లే గాని జబ్బు చెప్పినవాళ్లు లేరు. నాకు ఎద్దులు తెలుసు, గేదెలు తెలుసు. ఒక్క మాట చెప్తా విను. ఏనుగైనా ఎలకైనా మేత మానిందంటే, ముందు దానికి మనం కొత్తగా ఏం చేశామో చూడు. మందు తర్వాత."

అక్కణ్ణుంచి ఊరికి నూలు మూటలు తీసుకుపోయే బండి దొరికింది. దారి పొడవునా తుంగభద్ర కాలువ తవ్వకం పనులు, మట్టి తట్టలు మోసే జనం. కొత్తగా ఏం చేశాం అన్న మాటే నా తలలో తిరుగుతోంది. ఇంట్లోకి పోయి గంపలో ఉన్న కుందేలును చూడగానే తెలిసిపోయింది. ఆ గుడ్డ కడుపు చుట్టూ అంత బిగువుగా ఉంటే అది నడుము వంచలేదు. నోరు వెనక్కి చేరదు. ఏటా కుందేళ్లు మెడపట్టీతో బాగానే బతికితే ఈ ఏడు ఇది ఎందుకు చిక్కిపోతోందో చెప్పడానికి ఇంక మిగిలిందేమీ లేదు. పట్టు అంచు మెరుస్తోంది. దాని కింద వీపు ఎముక తేలి కనిపిస్తోంది.

తెలుసుకోవడం తేలికైంది, చెప్పడమే కష్టమైంది. మా తాత నడవలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు, గడ్డం పెరిగింది. కుందేలు పోతే మగ్గం గుంత పూడ్చుకోవలసిన మనిషికి, దాన్ని చంపుతున్నది నువ్వు మనసుపడి నేసిన గుడ్డేనని చెప్పాలి. పైగా అది ఎందుకు విప్పాలో కూడా చెప్పాలి. ఎంత చదువుకున్నా ఆ మాటను మర్యాదగా చెప్పే పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. నేను చదివింది చదివినట్టు చెప్పేశాను. అప్పుడు ఇంట్లో మా అవ్వ, చిన్నాయన, వీధిపెద్ద ఒకాయన ఉన్నారు. 

మొదట తేరుకున్నది మా చిన్నాయన. "ఆదోనిలో పత్తి తూస్తాండాడు అనుకుంటిమి. పెంట పుస్తకాలు సదువుతాండాడా వీడు?"

వీధిపెద్ద తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "దేవుని కుందేలప్పా అది. దాని పెంట అది తింటాదని బయట సెప్పొద్దు, నవ్వుతారు. గుడ్డ విప్పినామంటే రేపు ఏమన్నా అయితే అది నీ మనవడు సేసినట్లే" అన్నాడు మా తాతతో.

మా అవ్వ పుట్టిల్లు ఆస్పరి వైపు, కైరుప్పలకు దగ్గర ఊరు. అప్పటిదాకా ఆవిడ రాట్నం దగ్గర కూర్చుని నూలు కండెలు చుడుతోంది, చెయ్యి ఆపకుండానే అంది. "కైరుప్పలలో ఉగాది మర్నాడు పిడకలతో కొట్టుకుంటే పుణ్యమంటిరి. తల పగిలి నెత్తురొస్తే మొక్కు తీరిందంటిరి. ఆవు పెంట దేవునికి పనికొస్తాది గానీ, కుందేలు పెంట కుందేలుకు పనికిరాదా?"

"ఆవు యాడ, కుందేలు యాడ వదినా?" అన్నాడు వీధిపెద్ద.

"అదీ గడ్డే తింటాది, ఇదీ గడ్డే తింటాది. అన్నం తినేది మనం. మనదే ఎందుకూ పనికిరాదు" అంది అవ్వ.

చిన్నాయన నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయాడు. వీధిపెద్ద మాత్రం నవ్వలేదు. మా తాత ఎటూ చూడకుండా అడిగాడు, పుస్తకంలో అట్లనే రాసిందా అని. అట్లనే రాసింది తాతా అన్నాను. రాసినోడు ఎవరని అడిగాడు. పేరున్న పేజీ ఊడిపోయిందని చెప్పక తప్పలేదు. నా మాట నిలబెట్టడానికి నా దగ్గర ఉన్నది అంతే, అట్ట లేని పుస్తకంలో ఒకటిన్నర పేజీ. ఆయన లేచాడు.

"గుడ్డ నేసింది నేను" అన్నాడు. "తప్పయితే నా మగ్గానికే తగుల్తాదిలే. కత్తెర తే."

కడుపు కింద కుట్టు విప్పబోతే కుందేలు గిలగిల్లాడింది, ఇంకా సేపు పట్టుకుంటే భయంతోనే ప్రాణం పోయేలా ఉంది. ఆయన కుట్టు వదిలేసి వీపు మీద, నేత నడుమ, పూల మధ్యనుంచి నేరుగా కత్తిరించాడు. నేతగాడి ఇంట్లో కత్తెర పడేది బట్ట మగ్గం దిగిన తర్వాత అంచు దగ్గరే. నడుమ కత్తెర పెట్టడం మా ఇంట్లో నేను చూడటం అదే మొదలు, అదే కడ.  ఊడివచ్చిన గుడ్డకు కింది కుట్టు కూడా విప్పి, ముక్కలు రెండూ దులిపి గంప మీద కప్పాడు, కుందేలుకు చీకటి ఉంటే మంచిదని నేను చెప్పాను.

మరుసటి రోజంతా మార్పు ఏమీ కనిపించలేదు. వీధిపెద్ద పొద్దునోసారి, సాయంత్రమోసారి వచ్చి తొంగిచూసి పోయాడు. గుమ్మంలో ఆడవాళ్లు గుసగుసలాడుతుంటే మా అవ్వ వాళ్లను పంపించేసింది. నేనూ పైకి ధైర్యంగా ఉన్నాను గాని, పుస్తకం తప్పేమో, రాసినవాడు వేరే దేశపు కుందేలును చూసి రాశాడేమో అనే అనుమానం లోపల తొలుస్తూనే ఉంది. ఆ తర్వాతి రోజు ఎండ నడినెత్తికి రాకముందు మా తాత గంప పక్కన కూర్చుని గుడ్డ సందులోంచి చూస్తున్నాడు. నన్ను చేత్తో పిలిచాడు. కుందేలు మెడను పొట్ట కిందికి వంచి, మళ్లీ ఎత్తి, దవడలు ఆడిస్తోంది. కాసేపటికి మళ్లీ వంగింది. మా తాత తలుపు దగ్గరకు పోయి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు.

ఏమన్నా తినిందా అని ఎదురింటావిడ అడిగితే, తినింది అన్నాడు. ఏం తినిందని అడిగితే మా అవ్వ లోపల్నుంచి జవాబు చెప్పింది. "దాని ఇంట్లోదే తినింది లేమ్మా. నువ్వు పొయ్యి చూసుకో."

సాయంత్రానికి గరిక కొరికింది. ఎమ్మిగనూరు డాక్టరుకు తర్వాత ఈ సంగతి చెప్పినప్పుడు, గుడ్డ వల్ల ఎండవేడి తగిలి కూడా నీరసించి ఉండొచ్చు, మీ పుస్తకమే గెలిచిందని అనుకోవద్దు అన్నాడు. కావచ్చు. ఏ కారణం చేత బతికినా గుడ్డ విప్పినందువల్లే బతికిందని మాత్రం ఒప్పుకున్నాడు.

జాతర రోజు దానికి మెడపట్టీ కూడా కట్టలేదు. గంప మీద కప్పిన గుడ్డ రెండు ముక్కలుగా ఉందేమని సేద్యగాళ్ల వీధివాళ్లు అడిగితే, ఈ ఏడు జోడు నేసినానని చెప్పి మా తాత ముందుకు నడిచాడు. బీడు అంచున జనం రెండు పక్కలకూ జరిగి దారి వదిలాక గంప మూత తీశారు. కుందేలు ఒక్క క్షణం ఆగి, రేగుకంపల్లోకి ఉరికి కనబడకుండా పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. విడిచిన జంతువు కృతజ్ఞతతో వెనక్కి చూసిందని కథల్లో రాస్తారు, నేను చూసినది మాత్రం అలా చెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే మా తాత మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని సంఘం తువ్వాళ్లకు కూర్చున్నాడు. పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు వింటూనే నేను బస్సుకు బయల్దేరాను. ఆ పుస్తకం గురించి ఆయన నాతో మళ్లీ ఎత్తలేదు. ఊళ్లో మాత్రం ఎవరి మేకకు జబ్బు చేసినా, మావోడు వచ్చినప్పుడు అడగండి, పుస్తకంలో సూసి సెప్తాడు అనేవాడట. మేకల మీద నేను చదివింది ఏమీ లేదు, అందుకని చదవడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత కాలువ పారింది. బీడులో కొంత వరి మడి అయింది, కొంత పత్తి చేను, మిగిలినదాన్లో ఇప్పుడు ఇళ్ల స్థలాల హద్దురాళ్లు ఉన్నాయి. నీళ్లు రావడం వద్దని ఆ రోజుల్లో ఎవరం అనుకోలేదు, ఇప్పుడూ అనలేను. అడవి జంతువును పట్టడం నేరమని చాలా ఏళ్ల కిందట అటవీశాఖవాళ్లు ఊరికి వచ్చి చెప్పారు. పెద్దలు కొంత వాదించి ఒప్పుకున్నారు. చట్టం మంచిదే. మా ఆచారం తొలకరి దాకా కాపాడితే అది ఏడాదంతా కాపాడుతుంది. అయితే అప్పటికే వాళ్లకు అప్పగించడానికి మా దగ్గర కుందేళ్లు పెద్దగా మిగల్లేదు.

జాతర మాత్రం ఆగలేదు. కిందటేడు నన్ను కారులో తీసుకుపోయారు. ఇప్పుడు గంప ఖాళీగానే ఊరేగుతుంది, పైన అంగట్లో కొన్న మిల్లు గుడ్డ కప్పుతారు. బీడు ఉండిన చోట, పత్తి చేని గట్టు మీద దాన్ని దించి పూజారి మూత తీశాడు. అక్కడ చేరిన పడుచువాళ్లలో కుందేలును విడవడం కళ్లారా చూసినవాడు ఒక్కడు కూడా ఉండడు. అయినా మూత తీయగానే అందరూ మాటలు ఆపి, చంకన పిల్లలున్న ఆడవాళ్లు పిల్లలను దగ్గరకు పట్టుకుని, రెండు పక్కలకూ జరిగి, నడుమ దారి వదిలి నిలబడ్డారు.